మూడో పేజీ గురించి: ఒక యువ రచయిత్రికి లేఖ

రాజోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మూడో పేజీ మొత్తం తీసివెయ్యమ్మా.

కథ బాగా లేదని కాదు. ఇరాక్‌లోని సింజార్ కొండ కింద పల్లెనూ, యజీదీ అనే చిన్న మతవర్గానికి చెందిన ఆ అమ్మాయి ఇంటి వాకిలినీ, తల్లి రొట్టెలు కాల్చే పొయ్యినీ కళ్ళతో చూసినట్టే రాశావు. చూడని దేశం గురించి మనకెందుకు అనేవాళ్ళ మాట పట్టించుకోకు. 2014 ఆగస్టులో ఐసిస్ ముఠాలు అక్కడి యజీదీలను చంపి, ఆడవాళ్ళను ఎత్తుకుపోయిన సంగతి ముమ్మిడివరంలో కూర్చున్న నిన్ను నిద్రపోనివ్వలేదంటే నాకు నీమీద గౌరవమే కలిగింది. అయితే మూడో పేజీలో ఆమె మీద జరిగిన అత్యాచారాన్ని ఒక్క వివరం వదలకుండా వర్ణించావు. చదివేవాళ్ళ గుండె తరుక్కుపోవాలన్నది నీ ఉద్దేశం, తెలుసు. కానీ ఆ పేజీలో ఆమె మనిషిగా కనిపించడం మానేసి ఒట్టి శరీరంగా మిగిలింది. ఆమెను ఎత్తుకుపోయినవాళ్ళు చేసింది కూడా సరిగ్గా అదే.

ఇలాంటి సంగతులు ఎలా వినాలో, ఎలా రాయాలో రచయితల కన్నా యుద్ధ నేరాల కోర్టులే ఎక్కువ నేర్చుకున్నాయి. అవీ ఆలస్యంగానే నేర్చుకున్నాయి. 1994లో తుట్సీల ఊచకోత జరిగిన రువాండా కేసు ఒకటి శ్రద్ధగా చదువు. టబా అనే కమ్యూన్‌కు మేయరుగా పనిచేసిన జాన్ పాల్ అకయేసు అంతకుముందు బడిపంతులు. ప్రాణాలు దక్కుతాయేమోనని ఆడవాళ్ళు వచ్చి తలదాచుకున్నది అతని కార్యాలయం ఆవరణలో. వాళ్ళను చెరిచింది అక్కడే. అయినా అతని మీద మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. విచారణ సాగుతుండగా ఒక తల్లి సాక్ష్యం చెబుతూ తన కూతురికి జరిగినది బయటపెట్టింది. విచారిస్తున్న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకే ఒక స్త్రీ ఉంది: దక్షిణాఫ్రికాలో పుట్టిన తమిళ సంతతి నవనీతం పిళ్ళై, ఒక బస్సు డ్రైవరు కూతురు. 1997లో అభియోగ పత్రాన్ని సవరించి అత్యాచారాన్నీ చేర్చారు. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. అత్యాచారం కూడా జాతి నిర్మూలనలో భాగం కాగలదని ఒక అంతర్జాతీయ కోర్టు తేల్చి చెప్పడం అదే మొదటిసారి. ఆ తల్లి నోరు విప్పకపోయినా, విన్నవాళ్ళు దాన్ని పక్కన పెట్టేసినా ఆ తీర్పు ఉండేదా?

బోస్నియా యుద్ధంలో ఫోచా పట్టణంలో జరిగిన నేరాల కేసు నీ కథకు ఇంకా దగ్గర. అక్కడ ఆడవాళ్ళను నిర్బంధించిన వాటిలో పార్టిజాన్ అనే క్రీడాశాల ఒకటి. అది పోలీసు ఠాణాకు దగ్గరలోనే ఉంది. ఈ ఒక్క వివరం దగ్గర కాసేపు ఆగు. సైనికులు రాత్రిళ్ళు వచ్చి ఎవరు కావాలంటే వాళ్ళను తీసుకుపోతున్నారు. పోలీసులు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నారు. ఏ గాయాన్నీ వర్ణించకుండానే పాఠకుడికి విషయమంతా అర్థమవుతుంది, కోపం ఎవరి మీద రావాలో వాళ్ళ మీదే వస్తుంది. ఆ కేసులో స్త్రీలు పేర్లతో కాక అంకెలతో, ముఖమూ గొంతూ గుర్తుపట్టకుండా సాక్ష్యం చెప్పారు. 2001 ఫిబ్రవరిలో ముగ్గురికి 28, 20, 12 ఏళ్ళ శిక్షలు పడ్డాయి.

ఐక్యరాజ్య సమితి తీర్మానాల అంకెలన్నీ కథ చివర పేర్చావు. అవసరం లేదు. భద్రతా మండలి 2000లో 1325వ తీర్మానంతో శాంతి చర్చల్లో స్త్రీలకు చోటుండాలంది. 2008లో 1820వ తీర్మానంతో లైంగిక హింస యుద్ధ నేరం కాగలదంది. మరుసటి ఏడాది దీనికోసమే ఒక ప్రత్యేక ప్రతినిధి పదవిని ఏర్పరచింది. ఇవన్నీ నువ్వు తెలుసుకొని ఉండాలి, పాత్రల చేత చెప్పించకూడదు. వాడుకోదలిస్తే ఇది వాడుకో: 2019లో బాధితుల సంరక్షణ కోసమే తెచ్చిన తీర్మానంలో లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాట ఉంటే వీటో చేస్తామని అమెరికా బెదిరించింది. ఆ మాట తీసేశాకే తీర్మానం నెగ్గింది. కడుపుతో ఉన్న ఒక అమ్మాయికి ఏ చికిత్స దొరకాలన్నది దౌత్యవేత్తల బల్ల దగ్గర బేరం అయిపోయింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఐసిస్ చెర నుంచి తప్పించుకున్న యజీదీ స్త్రీ నాదియా మురాద్ గురించి నీకు చెప్పనక్కర్లేదు. 2018లో, అత్యాచార బాధితులకు వైద్యం చేసే కాంగో డాక్టరు డెనిస్ ముక్వేగెతో కలిసి ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె పేరు మీదే 2022లో ఒక నియమావళి వచ్చింది. బాధితుల దగ్గరికి వెళ్ళే విలేకరులు, పరిశోధకులు, లాయర్లు ఎలా మెలగాలో అందులో ఉంది. అడగడం అవసరమా? ఈ సమాచారం మరో చోట దొరకదా? ఆమె ఇప్పటికే ఎందరికి చెప్పింది? వద్దని ఆమె ఎప్పుడైనా ఆపేయవచ్చని ఆమెకు తెలుసా? కథ రాసేవాళ్ళకూ ఇవే ప్రశ్నలని నా నమ్మకం.

ఇదంతా ఎక్కడో జరిగేదని అనుకోకు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడినప్పుడు మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు అక్కడి ఇళ్ళల్లో పనిచేస్తున్నారు. జోర్డాన్ మీదుగా తిరిగివచ్చినవాళ్ళలో ఒకామె నాకు తెలుసు. ఏ ఊరో చెప్పను. సాయంత్రం అరుగు మీద లేసు అల్లుకుంటూ, యజమాని దాచేసిన పాస్‌పోర్టు గురించి, సరిహద్దు దగ్గర రొట్టె కోసం నిలబడ్డ వరుస గురించి, ఏజెంటుకు ఇంకా తీరని అప్పు గురించి చెప్పబోయేది. చుట్టూ చేరినవాళ్ళకు అవేమీ పట్టలేదు. "సైనికులు నిన్నేమీ చెయ్యలేదా?" అని తిప్పి తిప్పి అదే అడిగారు. ఆమె దారం చుట్టుకొని లేచి లోపలికి వెళ్ళింది. తర్వాత అరుగు మీద కూర్చోవడమే మానేసింది. ఆ అప్పు గురించి ఎవరైనా అడిగి ఉంటే ఎంత చెప్పేదో.

నువ్వు ఇక ముందు మన వాళ్ళ గురించే రాస్తానన్నావు, సంతోషం. భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని నేరంగా చెబుతుంది. పేరు మార్చాను కదా అని ఊరుకోకు. కోనసీమలో ఒక లంక పేరు, కులం, గల్ఫ్ వెళ్ళొచ్చిందన్న సంగతి, ఈ మూడూ కలిస్తే మనిషెవరో రావులపాలెం దాకా తెలిసిపోతుంది. వాటిలో కనీసం రెండు మార్చు.

వాకపల్లి కేసు కూడా చదవాలి. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్ళో పదకొండు మంది కోందు గిరిజన స్త్రీలు, మావోయిస్టుల వేటకు వచ్చే గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆరోపించారు. 2023లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పదిహేనేళ్ళకు పైగా వాళ్ళు తమ మాట మీద నిలబడ్డారు. దర్యాప్తు ఎక్కడ ఎలా పాడైందో తెలిస్తే, టబాలో ఒక్క సాక్ష్యాన్ని పట్టించుకోవడం ఎంత మార్చిందో నీకు బోధపడుతుంది.

కథకు మళ్ళీ వస్తాను. మూడో పేజీ తీసేస్తే ఏర్పడే ఖాళీని చూసి కంగారు పడకు. అమ్మాయిని లారీ ఎక్కించినవాడికి నువ్వు పేరు పెట్టలేదు, "నల్ల గడ్డం మనిషి" అని వదిలేశావు. అతను ఎవరి కొడుకు, అంతకుముందు ఏ పని చేసేవాడు? లారీ ఎవరు పంపారు, డీజిల్ డబ్బు ఎవరిచ్చారు, ఆ అమ్మాయిల జాబితా రాసిన చేతిరాత ఎవరిది? అతనికి ఆజ్ఞ ఇచ్చిన అధికారి కథలో ఎక్కడా లేడు. ఆ ఇద్దరినీ రాసి పంపు. యుద్ధాల్లో లైంగిక హింసను నిర్మూలించాలని జరిపే జూన్ 19 అంతర్జాతీయ దినం ప్రత్యేక సంచికకు అందదేమోనని తొందరపడవద్దు, వచ్చే ఏడాదికైనా సరే.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ