చెప్పించడానికి తొందరపడకు

అమ్మలూ,

ఇకమీదట నీ కౌన్సెలింగ్‌లో ట్రామా కేసులే, అంటే ఘోరాలు అనుభవించి మనసు గాయపడ్డవాళ్ళనే, ఎక్కువగా చూస్తావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా అమ్మాయి ఇంతదయిందా అని మురిసిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్రపడితే ఒట్టు.

లైసెన్సు, రికార్డులు, మాటలు బయటికి వినపడని గది, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునేలా చేసే ఈఎమ్‌డీఆర్ చికిత్స నేర్చుకుంటావో, భయపెట్టే జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేసే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ నేర్చుకుంటావో నీ ఇష్టం, రెండింటి వెనకా పరిశోధన ఉంది. ఏదో ఒకటి పూర్తిగా నేర్చుకో. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్లు గోడకి అందం, అంతే.

నా టెన్షన్ వేరే. నీకు చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్ళు మాట్లాడకుండా కూర్చుంటే పడదు. మీ తాతయ్య పోయినప్పుడు పక్కన చేరి "ఏడువు పెద్దమ్మా, మనసులో పెట్టుకోకు" అని నన్నెంత సతాయించావో! నాకప్పుడు కావలసింది కాస్త నిద్ర.

మా రోజుల్లో ఈ రంగంలో చాలామంది సరిగ్గా అదే చేశారు. ఘోరం జరిగిపోయాక కూడా మనిషిని వదలకుండా వేధించే మానసిక జబ్బు ఉందే, 1980లో దానికి పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలోకి ఎక్కింది. 1983లో జెఫ్రీ మిచెల్ అనే ఆయన అంబులెన్సు, ఫైర్ సిబ్బంది లాంటి వాళ్ళ కోసం డీబ్రీఫింగ్ పద్ధతి రాశాడు. ఘోరాన్ని చూసిన కొద్దిరోజుల్లోనే బృందాన్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పించడం. అలా బృందాల కోసం పుట్టినదాన్ని, ప్రమాదంలో పడి లేచిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చేయడం మొదలుపెట్టారు. చెప్పుకుంటే బరువు దిగుతుందంటే కాదనేదెవరు? 1997లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. 13 నెలల తర్వాత చూస్తే డీబ్రీఫింగ్ జరిగినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, జరగనివాళ్ళలో 9 శాతానికే. మొదటి గుంపులో గాయాల తీవ్రత ముందునుంచే కాస్త ఎక్కువన్నది నిజమే. కానీ తర్వాతి సమీక్షల్లోనూ ఒక్క సిట్టింగ్ డీబ్రీఫింగ్ జబ్బును ఆపుతుందని తేలలేదు. ఆ చెప్పించినవాళ్ళు చెడ్డవాళ్ళా? నీలాంటి మెత్తని మనసున్నవాళ్ళే. నా భయమంతా అందుకే.

ట్రామా మీద పుస్తకం రాసిన మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే కోలుకునే వరస చెప్పింది: ముందు భద్రత, ఆ తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆపైన మళ్ళీ నలుగురిలో కలవడం. కాబట్టి "ఏం జరిగింది?" అనే ముందు "మధ్యలో ఆపాలనిపిస్తే నాకెలా తెలియజేస్తారు?" అని అడుగు. తలుపు కనిపించేలా కూర్చుంటారా అని అడుగు. కొట్టేవాడితో ఇంకా ఒకే ఇంట్లో ఉన్నావిడ చేత పాత గాయాలు తవ్వించకు, ముందు ఈ రాత్రి ఆవిడ క్షేమం సంగతి చూడు. అలాగని మనిషి సిద్ధమయ్యాక కూడా నువ్వే జంకి, నెలల తరబడి ఊపిరి వ్యాయామాలతో కాలక్షేపం చేస్తే ఊరుకోను. అదీ అన్యాయమే.

ఇక నీ సంగతి. విన్నవాళ్ళకీ ఆ గాయం అంటుతుందని, దాన్ని వికేరియస్ ట్రామా అంటారని నీకు తెలుసు. తెలిసినంత మాత్రాన తప్పించుకోలేవు తల్లీ. వరసగా నాలుగు బరువైన సెషన్లు పెట్టుకుని, మధ్యలో తిండి మానేసి, "బాగానే ఉన్నాను పెద్దమ్మా" అనే రకానివి నువ్వు. నీ కేసుల గురించి నువ్వు చెప్పుకునే సీనియర్, అదే నీ సూపర్‌వైజర్, ఎవరో, వారంలో ఏ రోజు కలుస్తావో నాకు రాయి. ఇంకా వెతుకుతున్నానని మాత్రం రాయకు.

పెద్దమ్మ