పీటర్స్‌బర్గ్‌లో చదువు, కుజ్మొలొవొలో అద్దె: కుదురుతుందా?

మీ తమ్ముడికి రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీలో సీటొచ్చింది, హాస్టల్లో ఉండనంటున్నాడు, అద్దె తక్కువని నగరం బయట కుజ్మొలొవొలోనో తొక్సొవొలోనో ఇల్లు తీసుకుని రోజూ వెళ్ళి రావచ్చా అని అడిగారు. రావచ్చు. అక్కడివాళ్ళలో చాలామంది చేసేది అదే. కాకపోతే అద్దె సంగతి కంటే ముందు తమ్ముడు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఓనరు రిజిస్ట్రేషన్ (నమోదు) చేయిస్తాడా లేదా, ప్లాట్‌ఫాం నుంచి ఇంటికి ఎంత నడక అన్నవి తేల్చుకోండి.

దారి ఇలా ఉంటుంది. మెట్రో ఒకటో లైను (ఎర్ర లైను) ఉత్తరాన దెవ్యాత్కినొలో ఆగిపోతుంది. 1978లో తెరిచిన ఆ స్టేషన్ నేల మీదే ఉంటుంది, పైగా నగర హద్దు దాటి లెనిన్‌గ్రాద్ ఒబ్లస్త్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉంటుంది. పాలిటెక్నిక్ దగ్గరి మెట్రో స్టేషన్ పొలితెఖ్నిచెస్కయా అక్కణ్ణుంచి మూడో స్టాపు. నగరంలోని ఫిన్లాండ్ స్టేషన్ నుంచి ప్రియొజెర్స్క్ ఊరి వైపు వెళ్ళే ఎలెక్ట్రిచ్కాలు, అంటే లోకల్ రైళ్ళు, దెవ్యాత్కినొలోనే మెట్రో పక్కన ఆగుతాయి. అది దాటాక లావ్రికి, కపితొలొవొ, కుజ్మొలొవొ, ఆ తర్వాత తొక్సొవొ. కుజ్మొలొవొలో సోవియట్ కాలపు అపార్ట్‌మెంట్లు ఎక్కువ. తొక్సొవొలో గుట్టలు, చెరువులు, విడి ఇళ్ళు. విద్యార్థికైతే నా ఓటు కుజ్మొలొవొకే. ఎందుకో కింద చెప్తాను.

రైలు టైముల్లో కొత్తవాళ్ళు దెబ్బతినేది మధ్యాహ్నం పూట. పొద్దున, సాయంత్రం రైళ్ళు బాగానే ఉంటాయి. పనిదినాల్లో పగలు మాత్రం పట్టాల మరమ్మతు కోసం కొన్ని గంటలు ఖాళీ వదులుతారు, దాన్ని ‘అక్నో’ (కిటికీ) అంటారు. పదకొండింటికి క్లాసు ఉంటే ఆ కిటికీకి ముందు రైలే ఎక్కాలి. యాందెక్స్ (రష్యన్ వెబ్‌సైట్) టైంటేబుల్లో రైలు పేరు కింద ‘క్రోమె’ అన్న మాట కనిపిస్తే దాని తర్వాత రాసిన స్టేషన్లలో ఆ రైలు ఆగదని అర్థం. చిన్న ప్లాట్‌ఫాంలు తరచుగా ఆ జాబితాలోనే ఉంటాయి. పనిదినాల రైళ్ళు వేరు, సెలవు రోజులవి వేరు. మే నుంచి సెప్టెంబరు దాకా శుక్రవారం సాయంత్రం వెళ్ళే రైళ్ళు, ఆదివారం సాయంత్రం వచ్చే రైళ్ళు దాచాలకు (తోట ఇళ్ళకు) పోయేవాళ్ళతో కిక్కిరిసిపోతాయి. చలికాలం శనివారాలు స్కీలు పట్టుకున్నవాళ్ళ వంతు.

టికెట్టు ధర జోన్ల లెక్కన ఉంటుంది. కౌంటరు లేని ప్లాట్‌ఫాంలో ఎక్కితే రైల్లో కండక్టరు దగ్గర అదనపు రుసుము లేకుండా కొనుక్కోవచ్చు. కౌంటరు తెరిచి ఉండగా కొనకుండా ఎక్కితే అదనంగా వసూలు చేస్తారు. టికెట్టు పల్చటి రసీదు కాగితం, దాని మీద బార్‌కోడ్. దిగాక గేటు తెరుచుకోవాలన్నా అదే చూపించాలి. తడి గ్లౌజుతో కలిపి జేబులో కుక్కితే గీతలు చెరిగి గేటు చదవదు, పర్సులో మడవకుండా పెట్టుకొమ్మనండి. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు. అక్కడి కార్డు వచ్చేదాకా నగదే.

ఇక రిజిస్ట్రేషన్. విదేశీయుడు కొత్త చిరునామాకి చేరాక 7 పనిదినాల్లో అక్కడ ఉంటున్నట్టు నమోదవ్వాలి. ఆ పని చేయాల్సింది ఇల్లిచ్చినవాళ్ళు. పాస్‌పోర్టు, వీసా, మైగ్రేషన్ కార్డు (దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చేది) కాపీలతో ఓనరు సంబంధిత ఆఫీసులో ఫారం ఇస్తే, ముద్ర వేసిన చీటీ చించి ఇస్తారు. ఆ చీటీ పాస్‌పోర్టుతోనే ఉండాలి. హాస్టల్ వదిలితే హాస్టల్ వాళ్ళు చేయించిన నమోదు చెల్లదు. వీసా పొడిగించేది యూనివర్సిటీ కాబట్టి ఇల్లు మారే ముందే అక్కడి విదేశీ విద్యార్థుల విభాగానికి చెప్పాలి. చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. అద్దె ఆదాయం బయటపడి పన్ను పడుతుందని కొందరికి, ఇంటి మీద హక్కు వచ్చేస్తుందని కొందరికి భయం. ఈ నమోదుతో ఇంటి మీద ఏ హక్కూ రాదు. ‘ఇంకెక్కడో అడ్రసు మీద చేయిస్తా’ అనేవాళ్ళ జోలికి వెళ్ళకండి, దొంగ రిజిస్ట్రేషన్ అక్కడ క్రిమినల్ నేరం. మాస్కో, పీటర్స్‌బర్గ్, వాటి చుట్టూ ఉన్న ఒబ్లస్త్‌లలో నమోదు నిబంధన ఉల్లంఘనకి జరిమానాతో పాటు దేశం నుంచి పంపేసే శిక్ష కూడా ఉంది. కుజ్మొలొవొ వాటిలోకే వస్తుంది.

ఒప్పందం సాధారణంగా 11 నెలలకి రాస్తారు, ఏడాది నిండితే రోస్‌రెయెస్త్ర్‌లో (ఆస్తుల రిజిస్ట్రేషన్ శాఖ) నమోదు చేయాల్సి వస్తుంది కాబట్టి. సంతకానికి ముందు యజమాని పేరున్న ఇ.జి.ఆర్.ఎన్. (ప్రభుత్వ ఆస్తుల రిజిస్టరు) పత్రం అడగండి. చెప్పిన అద్దెలో కరెంటు, నీళ్ళు, హీటింగ్ కలిసి ఉన్నాయా లేదా కాగితం మీద రాయించండి. చలికాలం హీటింగ్ బిల్లు చిన్నదేం కాదు.

కుజ్మొలొవొ ఎందుకంటే, అక్కడి ఫ్లాట్లకి కేంద్రీకృత హీటింగ్ (ఒకే చోటి నుంచి పైపుల్లో అన్ని ఇళ్ళకూ వచ్చే వేడి) ఉంటుంది. బయట సగటు ఉష్ణోగ్రత 5 రోజుల పాటు +8 డిగ్రీల కంటే తక్కువ ఉంటే వేడి మొదలవుతుంది. సెప్టెంబరు చివర్లో ఇంకా మొదలుకాక గది గడ్డకట్టినట్టు ఉండే రోజులు కొన్ని తప్పవు, చిన్న ఆయిల్ హీటరు కొనుక్కోవాలి. వేసవిలో పైపుల మరమ్మతని 14 రోజుల దాకా వేడినీళ్ళు ఆపుతారు. తొక్సొవొ విడి ఇంట్లో ఈ పనులన్నీ మన నెత్తిన పడతాయి. నీటి పైపు నేలలోంచి ఇంట్లోకి ఎక్కే చోట, ఫ్లోరు కింది ఖాళీలో, మొదట గడ్డకడుతుంది. అక్కడ హీటింగ్ కేబుల్ చుట్టి ఉందో లేదో చూడాలి. లేకపోతే జనవరిలో బకెట్లతో మోసుకోవాల్సిందే. వేడి గ్యాసుతోనా, కరెంటుతోనా, కట్టెల పొయ్యితోనా? సెప్టిక్ ట్యాంకు ఎవరు ఖాళీ చేయిస్తారు? గేటు ముందు మంచు ఎవరు ఎత్తుతారు? ఇవన్నీ అడగాలి. చదువుకునే కుర్రాడికి ఇంత పని అనవసరం.

ఇల్లు చూడ్డానికి పగలు కాకుండా సాయంత్రం ఏడు దాటాక వెళ్ళి ప్లాట్‌ఫాం నుంచి నడిచి చూడమనండి. డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు, రాకపోకలు రెండూ చీకట్లోనే. అడ్డదారి చెట్లలోంచి వెళ్తే దీపాలుండవు, నేల గాజులా జారుతుంది. 15 నిమిషాల నడక అని ప్రకటనలో ఉంటే చలికాలానికి 25 అనుకోవాలి. ఊరి బయట రోడ్డంచున చీకట్లో నడిచేటప్పుడు బట్టల మీద రిఫ్లెక్టర్ పట్టీ ఉండాలని 2015 నుంచి నిబంధన. వసంతం నుంచి అడవిలో గోమార్లుంటాయి, వాటి కాటుతో వచ్చే మెదడువాపుకి టీకా ముందే వేయించుకోవాలి.

తిండికి ఇబ్బంది లేదు. కందిపప్పు నగరంలోనే దొరుకుతుంది గానీ, పసుపు బఠానీ పప్పు ప్రతి కొట్టులో ఉంటుంది, సాంబారు లాగించేయొచ్చు.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా రాత్రిపూట ఓడలు వెళ్ళడానికి నగరంలో నేవా నది వంతెనలు పైకి లేపుతారు. కుజ్మొలొవొ నదికి ఉత్తరాన ఉంది. అర్ధరాత్రి దాటాక దక్షిణం ఒడ్డున చిక్కుకుంటే మెట్రో ఉండదు, ఎలెక్ట్రిచ్కా ఉండదు. ట్యాక్సీ అయితే రింగురోడ్డు మీది బల్షోయ్ అబూఖవ్‌స్కీ వంతెన మీదుగానో, టోల్ కట్టి పడమటి ఎక్స్‌ప్రెస్ దారిలోనో తిరిగి రావాలి, ఆ రెండూ ఎత్తరు. ఆ ఛార్జీ ఎంతవుతుందో ఒకసారి యాప్‌లో చూసుకొమ్మనండి.