తిరుపతిలో మా కాలనీలో సైకిల్ రేసు పెడుతున్నాం, ఆ రెండు రోజులు ట్రాఫిక్ ఎలా చూసుకోవాలి?

మీ కాలనీ వాళ్లంతా కలిసి శని, ఆదివారాల్లో సైకిల్ రేసు పెడుతున్నామన్నారు. రోడ్డు ఎంతసేపు మూయాలి, ఎక్కడ ఎవరిని నిలబెట్టాలి, ఇళ్లవాళ్లతో గొడవ రాకుండా ఎలా అని అడిగారు. ఎం.ఆర్.పల్లి వైపు మా కాలనీలో ఇలాంటి రేసులకు ట్రాఫిక్ పని నా నెత్తినే పడుతుంటుంది. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

రోడ్డు మూయడం తేలికే. రౌండు లోపల ఇరుక్కున్న ఇళ్లవాళ్లను బయటికి పంపడమే అసలు పని. సైకిళ్లు నాలుగు వీధుల చుట్టూ తిరుగుతుంటే, ఆ చుట్టు లోపలున్న ప్రతి ఇంటివాళ్లూ రేసును దాటితేనే బయటపడతారు. ఆస్పత్రికి వెళ్లాల్సిన పెద్దాయన, ఆదివారం పరీక్ష రాసే అమ్మాయి, పాలు పోసే అతను, అందరూ ఆ లోపలే ఉంటారు. అందుకే రూట్ గీసేటప్పుడు చుట్టు మధ్యలో స్కూలో, పార్కో, ఖాళీ స్థలమో ఉండేలా చూసుకోండి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

మలుపులన్నీ ఎడమవైపే ఉండాలి. మనం ఎడమవైపు నడిపేవాళ్లం కదా, ఎడమకే తిరిగితే సైకిళ్లు ఎదురు వచ్చే బండ్లకు అడ్డం పడవు. మా దగ్గర దీనికి ఒక పెద్దావిడ ఒప్పుకోలేదు. రౌండు మధ్యలో చిన్న గుడి ఉంది, ఎడమకు తిరిగితే అది అప్రదక్షిణం అవుతుందని ఆమె బాధ. చివరికి గుడి వీధిని రూట్ నుంచి తీసేసి పక్క వీధి కలిపాం. తిరుపతిలో ఇలాంటివి ముందే కనుక్కోవడం మేలు.

లీలామహల్ సర్కిల్, కపిలతీర్థం రోడ్డు, అలిపిరి రోడ్డు, తిరుచానూరు రోడ్డు జోలికి అసలు పోకండి. వారాంతంలో అవి యాత్రికులవి. రుయా, స్విమ్స్ ఆస్పత్రుల వైపు వెళ్లే దారికి మీ రేసు ఏ రకంగానూ అడ్డం రాకూడదు. ఇక శనివారం స్వామి వారం. ఆ రోజు ఊళ్లో రద్దీ మీకు నేను చెప్పక్కర్లేదు. నా మాట వింటే శనివారం రోడ్డు మీద ఏమీ పెట్టకండి. నంబర్లు ఇవ్వడం, బ్రేకులు చూడడం, పిల్లల సరదా రౌండ్లు అన్నీ స్కూలు గ్రౌండులో కానివ్వండి. ఆదివారం పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రమే రోడ్డు తీసుకోండి. డిసెంబరు, జనవరిలో అయితే ఆరున్నరకు ముందు మొదలుపెట్టకండి, సరిగా వెలుతురే ఉండదు. మైకు విషయంలోనూ జాగ్రత్త. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఐదున్నరకే "హలో, మైక్ టెస్టింగ్" అన్నారంటే వీధి మొత్తం మీకు ఎదురు తిరుగుతుంది.

తేదీ పెట్టేముందు పంచాంగం చూడండి. నవ్వులాట కాదు. ముహూర్తాల ఆదివారం అయితే పక్క వీధిలోని కల్యాణమండపానికి వచ్చే బస్సులు, కార్లు మీ రూట్ మీదే ఆగుతాయి. మే నెలలో గంగమ్మ జాతర, శీతాకాలంలో వైకుంఠ ఏకాదశి, తిరుచానూరు పంచమి తీర్థం రోజులు కూడా వదిలేయండి. ఆ రోజుల్లో పోలీసులు మీకు ఒక్క హోంగార్డును కూడా ఇవ్వలేరు, అడగడం కూడా బాగుండదు.

పోలీసు అనుమతి తప్పకుండా తీసుకోండి. 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 కింద రోడ్డు మీద జనం గుమిగూడే కార్యక్రమాలు ఏ దారిలో, ఏ వేళల్లో జరగాలో చెప్పే అధికారం వాళ్లకుంది. అర్జీకి చేతితో గీసిన మ్యాపు జత చేయండి. ప్రతి కూడలి దగ్గర మీ మనిషి ఎవరో, అతని ఫోన్ నంబర్ ఏమిటో అందులో రాయండి. కార్పొరేషన్‌కు ఒక కాపీ ఇవ్వండి. బండ్లను ఆపే అధికారం పోలీసులదే. మన కుర్రాళ్లు చెప్పి చూడగలరు, అంతే. పెద్ద కూడలిలో యూనిఫాం మనిషి లేకుండా ఈలలు ఊదితే ఎవరూ ఆగరు.

ఇళ్లవాళ్లకు చెప్పే పని వాట్సాప్ గ్రూపుకు వదిలేయకండి. అద్దెకున్నవాళ్లు, హాస్టళ్ల పిల్లలు, ముసలివాళ్లు ఆ గ్రూపులో ఉండరు. కరపత్రం అచ్చు వేయించి, పేపర్ ఏజెంటుకు చెప్పి శుక్రవారం పేపర్లో పెట్టించండి. అందులో స్పాన్సర్ల బొమ్మలు కాదు, ఏ వీధి ఎప్పుడు మూస్తారో, కారు బయటికి తీయాలంటే ఏ మూలకు రావాలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. రోడ్డు మీద నిలిపే కార్లు శనివారం రాత్రికే తీసేయమని రాయండి. తెల్లారి ఐదింటికి ఓనర్‌ను వెతుక్కుంటూ గేట్లు తట్టడం ఉందే, అంతకన్నా టెన్షన్ లేదు. ఇంకొకటి, మలుపుల దగ్గరి ఇళ్లవాళ్లను ఆ ఒక్కరోజు కళ్లాపి గుమ్మం దాకానే చల్లమని బతిమాలండి. తడి రోడ్డు, పైన ముగ్గుపిండి, అక్కడ సన్నటైరు సైకిల్ జర్రున జారుతుంది.

చుట్టు లోపలి బండ్లను రేసు దాటించడానికి ఒక్క చోటు చాలు. అక్కడ ఇద్దరు గట్టి మనుషులు ఉండాలి. గుంపు పోయి మళ్లీ వచ్చేలోపు ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో బండ్లను పంపించాలి. గుంపు ముందు ఒక బైకు, చివరి సైకిల్ వెనక పచ్చజెండాతో ఇంకో బైకు పెట్టండి. రైలు చివర గార్డు డబ్బా పోయాక గేటు తీస్తారే, అలా పచ్చజెండా పోతే దాటొచ్చని జనానికి చెప్పకుండానే అర్థమవుతుంది. అంబులెన్సు వస్తే మాత్రం ఖాళీ కోసం చూడొద్దు, రేసే ఆగాలి. ఈ విషయం స్టార్టింగ్ దగ్గర సైకిళ్లవాళ్లందరికీ చెప్పి తీరాలి. రోడ్డుకు అడ్డంగా తాడు మాత్రం ఎప్పుడూ కట్టకండి. చీకట్లో స్కూటర్ మీద వచ్చేవాడికి అది కనపడదు, మెడకు తగులుతుంది. పోలీసు బారికేడ్లు దొరక్కపోతే నీళ్ల డ్రమ్ములు పెట్టండి.

మన ఊళ్లో ఉన్న ప్రత్యేకమైన చిక్కు బయటి కార్లు. తమిళనాడు, కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు గూగుల్ మ్యాప్స్ చెప్పిందని సందుల్లోకి వచ్చేస్తారు. వాళ్లకు మీ కరపత్రం తెలియదు, తెలుగు బోర్డు చదవలేరు. కాలనీ మొదట్లోనే తమిళం, కన్నడంలో కూడా బాణం గుర్తుతో బోర్డు పెట్టండి. వాళ్లతో వాదన వద్దు. చేతిలో టైం వేసిన 300 రూపాయల దర్శనం టికెట్ ఉంటుంది, వాళ్ల కంగారు వాళ్లది. కాలనీలో లాడ్జీలు, హోమ్‌స్టేలు ఉంటే ముందురోజు సాయంత్రమే వెళ్లి, పొద్దున వెళ్లే కార్లను రూట్ బయట పెట్టుకోమని చెప్పి రండి.

ఈ పనికి నాకు దొరికిన మంచి మనుషులు మా ఆటోస్టాండ్ వాళ్లు. మొదట "ఏం సామీ, ఆదివారం పొద్దున్నే మా పొట్ట కొడతారా" అన్నారు. న్యాయమే కదా. వాళ్ల స్టాండును ఆ పూటకు బారికేడ్ బయటికి జరిపి, కాలనీ లోపలి నుంచి ఆటో కావాలన్నవాళ్లను అక్కడికే పంపించాం. ఇక ఏ కారును ఏ సందులోంచి తిప్పి బయటికి పంపాలో వాళ్లే చూసుకున్నారు, తమిళంలో కూడా చెప్పి పంపారు. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు మంచివాళ్లే గానీ ఎవరైనా గట్టిగా హారన్ కొడితే పక్కకు జరిగిపోతారు. వాళ్లను నీళ్ల దగ్గర, ఫినిషింగ్ దగ్గర పెట్టండి.

పార్కింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. రేసు చూడ్డానికి వచ్చేవాళ్ల బండ్లే సైకిళ్లకన్నా పెద్ద అడ్డం, వాటిని స్కూలు గ్రౌండులోకి పంపండి. షామియానా, ఇడ్లీలు కూడా గ్రౌండులోనే. బహుమతులు ఇవ్వడం ఆలస్యమైనా పర్వాలేదు, ఎనిమిదిన్నరకు తెరుస్తామన్న రోడ్డును ఎనిమిదిన్నరకే తెరవండి. వెనకబడిన సైకిళ్లను అప్పటికే ఆపేసి గ్రౌండులోకి మళ్లించే మనిషి ఒకరు ఉండాలి. ఆ పని కాస్త మొండిగా ఉండేవాళ్లకు ఇవ్వండి.