పాఠకుల సందేహాలు: పండుగ విందుకు పొరల ట్రైఫిల్

ప్రశ్న: క్రిస్మస్ రోజు సాయంత్రం బంధువులు, సహోద్యోగులు, ఇరుగుపొరుగు అంతా కలిపి పాతిక మంది మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఈసారి కేకు ముక్కలు పంచి ఊరుకోకుండా గాజు గిన్నెలో కేకు, పండ్లు, జెల్లీ, కస్టర్డు, క్రీము వరుసగా కనిపించే ట్రైఫిల్ చేయాలనుకుంటున్నాను. వచ్చేవారిలో సగం మంది గుడ్డు ముట్టరు. కిందటి ఏడాది ఇంట్లోవారి కోసం చేసినప్పుడు జెల్లీ సరిగా గట్టిపడలేదు, అనాస ముక్కలు తగిలిన చోట కస్టర్డు చేదెక్కింది, మర్నాటికి పొరలన్నీ కలిసిపోయి గిన్నె అడుగున నీరు చేరింది. లోపం ఎక్కడ జరిగిందో, పాతిక మందికి కొలతలు ఎలా తీసుకోవాలో తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మీరు రాసిన మూడు లోపాలలో మొదటి రెండింటికీ పచ్చి అనాసే కారణం. తాజా అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను తెంచివేస్తుంది. పాలలోని మాంసకృత్తులు అలా తెగినప్పుడు చేదు పుడుతుంది. మామూలు జెల్లీని గట్టిపరిచే జెలటిన్ కూడా మాంసకృత్తే కాబట్టి, అనాస కలిసిన తరువాత దానిని ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచినా ప్రయోజనం ఉండదు. కివీ, బొప్పాయి, తాజా అంజూర పండ్లలోనూ ఇటువంటి ఎంజైములే ఉన్నాయి. అంతమాత్రాన అనాసను వదులుకోనక్కరలేదు. చిన్న ముక్కలుగా తరిగి, కొద్దిగా చక్కెర చల్లి, ఊరిన రసంలోనే ఐదారు నిమిషాలు ఉడికించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చి వాడుకుంటే ఆ చిక్కు తీరుతుంది, ఎందుకంటే వేడికి ఎంజైము చచ్చుబడిపోతుంది. డబ్బాలలో అమ్మే అనాస ముక్కలు ముందే వేడి తగిలినవి కనుక వాటిని నేరుగా వాడవచ్చు. వడకట్టగా మిగిలిన పాకాన్ని పారబోయకండి, దానితో మరొక పని ఉంది.

మీ అతిథులలో సగం మంది గుడ్డు ముట్టరన్నారు గనుక జెలటిన్ గురించి మరొక మాట చెప్పాలి. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. శాకాహారులు తెలిసి దానిని తినరు. తెలియకుండా వడ్డించడం మర్యాద కాదు. ప్యాకెట్ జెల్లీయే కొనదలిస్తే ఆకుపచ్చ చుక్క ఉన్నదో లేదో చూసి కొనండి. నన్నడిగితే మాత్రం ఆ రంగునీళ్ళ జెల్లీని పక్కన పెట్టి, చైనా గ్రాసుతో మామిడి జెల్లీ చేసుకోవడం మేలు. ఇది సముద్రపు నాచు నుంచి తీసినది, మాంసకృత్తు కాదు కాబట్టి అనాస దీనినేమీ చేయలేదు. దుకాణదారు తమిళం మాట్లాడేవారైతే కడల్‌పాసి అని అడగండి.

డిసెంబరులో మామిడి పండు ఎక్కడిదని సందేహించకండి. మామిడి గుజ్జు తయారుచేసే కర్మాగారాలు ఎన్నో ఉన్న జిల్లా మీది. 850 గ్రాముల డబ్బా తెచ్చుకుంటే సరిపోతుంది, కొంత మిగులుతుంది కూడా. తోతాపురి గుజ్జు అయితే తీపి తక్కువ, పులుపు ఎక్కువ కాబట్టి రుచి చూసి చక్కెర కలపండి. ఆ పులుపే పక్కనున్న కస్టర్డు తీపికి విరుగుడుగా పనిచేస్తుందని నా అభిప్రాయం. 6 గ్రాముల చైనా గ్రాసు పోగులను అరగంట చల్లని నీటిలో నానబెట్టి, పిండి, 200 మిల్లీలీటర్ల మంచినీటిలో వేసి, ఒక్క పోగు కూడా కంటికి కనిపించనంతవరకు సన్నని మంట మీద మరిగించాలి. ఈలోగా 400 గ్రాముల గుజ్జును మరొక గిన్నెలో గోరువెచ్చగా చేసి ఉంచుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుజ్జులో మరిగిన చైనా గ్రాసు పోస్తే అది అక్కడికక్కడే పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది, ఎందుకంటే దానికి 35-40 డిగ్రీల వేడి వద్దే గట్టిపడే గుణం ఉంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. జెలటిన్ జెల్లీ వెచ్చని గదిలో వడ్డన బల్ల మీదే జారిపోతుంది, ఇది అలా జారదు. గుజ్జును చైనా గ్రాసుతో కలిపి మరిగించడం కూడా మంచిది కాదు, పులుపుతో మరిగితే దాని పట్టు సడలుతుంది.

ఇక మూడవ లోపం, అడుగున చేరిన నీరు. ట్రైఫిల్‌లో పొరలు నిలవడమన్నది అలంకరణకు సంబంధించిన నేర్పు కాదు. ఏ పొరలోని తడిని ఆ పొరలోనే కట్టిపడేయగలిగితే అవే నిలుస్తాయి. కోసిన పండు మీద చక్కెర పడగానే రసం ఊరుతుంది, ఆ రసం కస్టర్డులోకి దిగి దానిని పలచన చేస్తుంది, పలచబడిన కస్టర్డు కేకులోకి జారుతుంది. అందుకే నేను చెప్పే వరుస ఇది: అడుగున కేకు, దాని మీద పండ్లు, ఆ పండ్లను బంధించేలా జెల్లీ, జెల్లీ గట్టిపడ్డాక కస్టర్డు, అన్నిటికన్నా చివర క్రీము. పండ్ల ముక్కలను కోసిన వెంటనే శుభ్రమైన గుడ్డ మీద పరచి తడి ఆర్పండి. ఈ కాలంలో దొరికే సపోటా, గింజలు తీసిన జామ, ఉడికించిన అనాస బాగుంటాయి. అరటిపండు వేస్తే ముక్కలకు నిమ్మరసం పట్టించాలి, లేకపోతే నల్లబడతాయి. కమలా తొనలు, పుచ్చకాయ ఈ వంటకానికి తగవు. దానిమ్మ గింజలు లోపల వేస్తే ఎర్రని రంగు చుట్టూ పాకుతుంది. వడ్డించేముందు పైన చల్లండి.

కేకు గుడ్డు లేనిదై ఉండాలి, క్రీము పూయనిదై ఉండాలి, వీలైతే ముందు రోజు చేసినదై ఉండాలి. తాజా కేకు తడి తగలగానే పిండిపిండి అవుతుంది, ఒకరోజు ఆరినది తడిని పీల్చుకుని కూడా ఆకారం నిలుపుకుంటుంది. రెండు సెంటీమీటర్ల మందాన కోసి అడుగున సందు లేకుండా పేర్చండి. ఇంగ్లండులో దీనిని షెర్రీ అనే ద్రాక్షసారాయితో తడుపుతారు. పిల్లలూ పెద్దలూ కలిసి తినే మీ విందుకు ఇందాక మిగిల్చిన అనాస పాకం గానీ, ద్రాక్షరసం గానీ చాలు. చెంచాతో చిలకరించాలి తప్ప పోయకూడదు. ముక్కను వేలితో నొక్కితే చెమ్మ తగలాలి, రసం కారకూడదు.

కస్టర్డు పొడిలో గుడ్డు ఉంటుందని కొందరు అనుమానిస్తారు. అసలు ఆ పొడి పుట్టిందే గుడ్డు పడని మనిషి కోసం: 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో దీనిని తయారుచేశాడు. పొరగా నిలిచే కస్టర్డు, పండ్ల ముక్కల మీద పోసుకునే కస్టర్డుకన్నా చిక్కగా ఉండాలి. 1.2 లీటర్ల పాలకు 80 గ్రాముల పొడి, 150 గ్రాముల చక్కెర తీసుకోండి. పొడిని ఒక గ్లాసు చల్లని పాలలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న పాలలో ధారగా పోస్తూ తిప్పాలి. చిక్కబడగానే దించేయడం తొందరపాటు. బుడగలు వచ్చిన తరువాత కూడా రెండు నిమిషాలు ఉడికితేనే పచ్చివాసన పోతుంది, పిండి పూర్తిగా పొంగి నీటిని పట్టి ఉంచుతుంది. చల్లారేటప్పుడు మీగడ కట్టకుండా కస్టర్డుకు అంటేలా పలుచని ప్లాస్టిక్ పొర కప్పండి. గోరువెచ్చగా ఉండగానే, గరిటెను బోర్లించి దాని వీపు మీదుగా జెల్లీ పైకి జారవిడవండి. నేరుగా పోస్తే ధార పడిన చోట గుంట పడుతుంది, గాజు గిన్నెలో ఆ గుంట బయటికి కనిపిస్తుంది. జెల్లీని కేకు, పండ్ల మీద పోసేటప్పుడూ ఇదే పద్ధతి. అది చిక్కబడడం మొదలయ్యాక పోయాలి గానీ మరీ పలుచగా ఉన్నప్పుడు పోస్తే కేకే దానిని తాగేస్తుంది.

క్రీము విషయంలో డబ్బా మీది కొవ్వు శాతం చదవండి. 25 శాతం కొవ్వుతో వచ్చే మామూలు ఫ్రెష్ క్రీము ఎంత గిలకొట్టినా నురగ కట్టి నిలవదు, 35 శాతం ఉన్నది కావాలి. గిన్నెను, గిలకొట్టే కవ్వాన్ని కూడా ముందుగా ఫ్రిజ్‌లో చల్లబరచండి. వనస్పతి కొవ్వుతో చేసిన బేకరీ క్రీము ఎండకు తట్టుకుంటుంది, నిజమే, కానీ అంగిట్లో జిడ్డుగా పేరుకుంటుంది. నేను దానిని సిఫారసు చేయను. మంచి క్రీము దొరకకపోతే కిలో గడ్డపెరుగును గుడ్డలో మూటగట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీసి, మర్నాడు చక్కెర పొడి, ఏలకుల పొడి కలిపి పైపొరగా పరచండి.

మనిషికి 150 గ్రాముల చొప్పున పాతిక మందికి సుమారు మూడు ముప్పావు కిలోలు కావాలి. పైన చెప్పిన పాలు, గుజ్జుల కొలతలకు తోడు అరకిలో కేకు, పావు లీటరు పాకం, అరకిలో పండ్లు, 400 మిల్లీలీటర్ల క్రీము తీసుకుంటే సరిపోతుంది. ఒకే పెద్ద పాత్రకు బదులు రెండున్నర లీటర్ల గిన్నెలు రెండు వాడండి; లోతైన గిన్నెలో అడుగుదాకా గరిటె వెళ్ళేసరికి పై పొరలు చెదురుతాయి. ఇరవై నాలుగవ తేదీ రాత్రి కస్టర్డు వరకు పూర్తిచేసి ఫ్రిజ్‌లో పెట్టి, క్రీము మాత్రం విందుకు రెండు గంటల ముందు వేయండి.

ప్రశ్న: సంక్రాంతికి మా అన్నదమ్ముల కుటుంబాలన్నీ మా ఇంట కలుస్తాయి. కేకు, చక్కెర లేకుండా బెల్లంతో కస్టర్డు చేసి, మధ్యలో పేణీలు పెట్టి పొరలుగా వడ్డిద్దామని మా వదినగారి ఆలోచన. మొన్న మచ్చుకు చేస్తే బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయి, పేణీలు గంట తిరక్కుండానే ముద్దయిపోయాయి. దీనికి మార్గముందా?
— ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ వదినగారి ఆలోచన చక్కనిది, వరుస మార్చుకుంటే చాలు. బెల్లంలో సహజంగా ఉండే ఆమ్లాలు, లవణాలు మరిగే పాలను విరగగొడతాయి. పరమాన్నం దించి వేడి తగ్గాక బెల్లం కలపాలని పెద్దలు చెప్పేది ఇందుకే. పాలను తీపి లేకుండానే చిక్కగా కాచుకుని, గోరువెచ్చగా చల్లార్చండి. అర లీటరు పాలకు 120 గ్రాముల బెల్లాన్ని పావు గ్లాసు నీటితో కరిగించి, ఇసుక, నలకలు పోయేలా వడకట్టి, లేత పాకం వచ్చేదాకా కాచి, దానినీ చల్లార్చి అప్పుడు కలపండి. పాకంతో నీరు కూడా చేరుతుంది కాబట్టి పిండిని 40 గ్రాములకు పెంచండి. కస్టర్డు పొడిలోని వెనిలా వాసనకు, బెల్లం వాసనకు పొత్తు కుదరదు. అందుకని ఉత్త మొక్కజొన్న పిండి వాడి ఏలకులు, కొద్దిగా పచ్చకర్పూరం వేయండి. పచ్చకర్పూరం చిటికెలో సగమైనా ఎక్కువే. పసుపుపచ్చగా మెరిసే బెల్లం కన్నా ముదురు రంగు చిత్తూరు బెల్లానికే రుచి ఎక్కువ, కస్టర్డు రంగు కాస్త నల్లబడినా ఫరవాలేదు.

పేణీల సంగతి వేరు. కర్ణాటక వైపు పెళ్ళి విందులలో చిరోటిని విస్తరిలో పెట్టి, అప్పటికప్పుడు దాని మీద బాదం పాలు పోస్తారు; ముందుగా నానబెట్టి ఉంచరు. పేణీ అయినా అంతే. నేతిలో వేగి విచ్చుకున్న ఆ పలుచని రేకుల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి తడి క్షణాలలో లోపలికి దిగుతుంది. దానిని మధ్య పొరగా పెట్టి నిలపాలన్న పట్టుదల వద్దు. చిన్న గాజు గ్లాసులలో అడుగున బెల్లం కస్టర్డు, దాని మీద నేతిలో వేయించిన జీడిపప్పు, ద్రాక్ష, ఆపైన పలుచగా పరచిన కోవా పెట్టి చల్లబరచి ఉంచుకోండి. అందరూ కూర్చున్నాక ఒక్కొక్క గ్లాసులో పేణీని చేత్తో నలిపి వేయండి. మధ్య పొర కూడా తప్పదంటే కింద కోవా, పైన కోవా పెట్టి మధ్యలో పేణీ పరచండి. కోవాలో తడి తక్కువ కనుక అరగంట వరకు కరకర తగ్గదు. గ్లాసుకు కస్టర్డు సగానికి మించకూడదు, కోవాతో కలిసి త్వరగా మొహం మొత్తుతుంది.

ప్రశ్న: ట్రైఫిల్‌ను తిరుచానూరులో చేసి, చిత్తూరులోని మా అమ్మగారింటికి కారులో తీసుకువెళ్ళాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తీసుకువెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: గడ్డకట్టించకండి. పిండితో చిక్కబడిన కస్టర్డును, చైనా గ్రాసు జెల్లీని గడ్డకట్టించి కరిగిస్తే, అవి పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. గిన్నె అడుగున మళ్ళీ ఆ నీరే చేరుతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా చల్లబడిన కస్టర్డు పొర వరకు మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో గానీ, చిన్న మూత కప్పులలో గానీ సర్దండి. సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి చుట్టూ మంచు ముక్కల సంచులు పేర్చి థర్మాకోల్ పెట్టెలో, కారు సీటు మీద కాకుండా కింద చదునుగా ఉన్న చోట పెట్టండి. క్రీమును గిలకొట్టకుండా చల్లగానే వేరే డబ్బాలో తీసుకువెళ్ళి, అక్కడ గిలకొట్టి పైన వేయండి. డబ్బాలను చేరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, వడ్డన బల్ల మీదికి తెచ్చాక రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.