పాఠకుల ప్రశ్నలు: మా సాఫ్ట్‌వేర్ పేరును ఇంకొకరు వాడుకుంటున్నారు

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లవాళ్లు డీజిలు, ఐసు, వేట రాబడి లెక్కలు రాసుకోవడానికి మేం ముగ్గురం సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఎంఐటీ లైసెన్సుతో (కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే అనుమతి పత్రం) విడుదల చేశాం. పేరు ‘వైజాగ్ బోట్ లెక్కలు’. ఇప్పుడొకరు మా కోడ్‌ను కాస్త మార్చి అదే పేరుతో అమ్ముతున్నారు. ఆపగలమా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: అమ్మకాన్ని ఆపలేరు. మీ కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం తీసేయకుండా ఉంచితే చాలు, ఎంఐటీ అమ్ముకోనిస్తుంది. పేరు సంగతి వేరు. ఎంఐటీ దాని ఊసే ఎత్తదు, అలాంటిదే మరో లైసెన్సు అపాచీ 2.0 అయితే ఆరో సెక్షన్‌లో ట్రేడ్‌మార్కు హక్కు ఇవ్వడం లేదని తేల్చి చెబుతుంది.

చిక్కంతా మీ పేరుతోనే. వైజాగ్ ఊరి పేరు, బోట్ లెక్కలు అది చేసే పని. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇలాంటివాటికి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. రిజిస్ట్రేషన్ లేకున్నా ‘పాసింగ్ ఆఫ్’ (తమ సరుకును మీదిగా చలామణి చేస్తున్నారనే) దావా వేయొచ్చు గానీ, ఆ పేరు వినగానే జనానికి మీరే గుర్తొస్తారని రుజువు చేయాలి. వాడేవాళ్లు తక్కువగా ఉన్నప్పుడే పేరు మార్చేయండి. ఈ పేరు కోసం కోర్టుకెక్కొద్దని మా గట్టి సలహా.

కొత్త పేరు పనిని వర్ణించకూడదు. ‘సరంగు’ (బోటు నడిపే పెద్ద) చక్కగానే ఉంటుంది, కానీ ఇంగ్లిషు అక్షరాల్లో తలా ఒక రకంగా రాస్తారు. ఫోన్‌లో ఒక్కసారి వింటే సరిగా టైపు చేయగలిగే పేరు వెతకండి. ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ సైటులో సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన 9, 42 తరగతుల్లో, ఉచ్చారణ పోలికతో కూడా చూడండి. తర్వాత గిట్‌హబ్ (కోడ్ దాచి పంచుకునే సైటు), ప్లే స్టోర్, డొమైన్లు (వెబ్‌సైటు పేర్లు) చూడండి. ఉదాహరణకు, మొజిల్లా బ్రౌజరు ఫీనిక్స్‌గా మొదలై, ఫైర్‌బర్డ్‌గా మారి, ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉండటంతో 2004లో ఫైర్‌ఫాక్స్ అయింది.

దరఖాస్తు టీఎం-ఏ ఫారం. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే తరగతికి రూ.4,500, మన రాష్ట్రానికి చెన్నై కార్యాలయం. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9లోకి, ఆన్‌లైన్ సేవ 42లోకి వస్తాయి. రిజిస్ట్రీ వారి ట్రేడ్‌మార్కు జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలలు అభ్యంతరాలకు గడువు. రిజిస్టరైతే పదేళ్లు, ఆపై పునరుద్ధరణ. అంతవరకు టీఎం గుర్తే వాడండి. రిజిస్టర్ కాకుండానే వలయంలో ఆర్ (®) పెడితే నేరం.

దరఖాస్తు ముగ్గురి పేరిట ఉండాలి. ఒక్కరి పేరునో, ఉద్యోగమిచ్చిన కంపెనీ పేరునో వద్దు. నెట్‌వర్కులో పోయే సమాచారాన్ని పరిశీలించే సాఫ్ట్‌వేర్ ఎథీరియల్ సృష్టికర్త 2006లో కంపెనీ మారినప్పుడు పేరు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. కోడ్ వైర్‌షార్క్ అనే కొత్త పేరుతో సాగింది.

కోడ్‌తోపాటు పేరు నిబంధనల ఫైలు పెట్టండి: మార్చిన కోడ్‌కు వేరే పేరు, వేరే లోగో ఉండాలి, ‘ఫలానాదాని ఆధారంగా’ అని రాసుకోవచ్చు. ఎవరైనా దాటితే, మొదటి విడుదల తేదీ, స్క్రీన్‌షాట్లు జతచేసి గడువిచ్చి లేఖ రాయండి. కోడ్ తీసేయమని మాత్రం అడగొద్దు, ఆ హక్కు మీకు లేదు.

గిట్‌హబ్‌లో రిపాజిటరీ (కోడ్ ఉంచిన చోటు) పేరు మారిస్తే పాత లింకులు కొత్తచోటికి వాటంతటవే వెళ్తాయి. పాత పేరుతో మీ ఖాతాలో ఇంకో రిపాజిటరీ తెరిచారంటే అవి తెగిపోతాయి.