కుక్కపిల్ల ఖర్చు సరే, ఇంట్లో ఎనిమిది వేలు లేకపోవడం సంగతేంటి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 16,000. మా వారు రొయ్యల మేత షాపులో పనిచేస్తారు, 20,000 వస్తుంది. రెండో తరగతి చదివే పాప ఉంది. నెల కిందట వానలో కాలవ గట్టు మీద ఒక ఆడ కుక్కపిల్ల రక్తవిరేచనాలతో పడి ఉంటే ఇంటికి తెచ్చాను. పార్వో అనే వైరస్ జబ్బన్నారు. భీమవరంలో ఐదు రోజులు సెలైన్లు పెట్టించాం. మొత్తం 11,500 అయింది. అందులో 8,000 ప్రోనోటు రాసి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. పిల్ల బతికింది. ఎవరైనా తీసుకునేదాకా ఉంచుదామనుకున్నాం. ఇప్పుడు రాజమండ్రిలో ఒక కుటుంబం పెంచుకుంటామంటున్నారు, పాపేమో ఇవ్వనంటోంది. "ఇప్పటికే పదకొండు వేలు పోశాం, ఇంకెంత?" అని మా వారి మాట. అన్నీ పోను నెలకి 3,800 మిగులుతుంది. నెలకి 5,000 కట్టే చీటీ ఆపేసి దీన్ని పెంచుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. పార్వో వచ్చిన పిల్లకి ఒంట్లో నీరు ఆరిపోకుండా సెలైన్ ఎక్కించాలి, వాంతులు ఆపాలి, పేగుల్లోంచి మరో ఇన్ఫెక్షన్ పాకకుండా యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఇవి అందకపోతే చాలా పిల్లలు రెండు మూడు రోజుల్లోనే పోతాయి. మీరు ఆలోచిస్తూ కూర్చోలేదు, అందుకే అది బతికింది. ఆ డబ్బు దండగ అని నేను అనను.

అయితే ఉంచుకోవాలా, ఇవ్వాలా అన్న లెక్కలోకి ఆ 11,500 తీసుకురాకండి. పిల్ల మీ ఇంట్లో ఉన్నా, రాజమండ్రి వెళ్లినా ఆ డబ్బు తిరిగి రాదు. "ఇంత పెట్టాం కాబట్టి ఉంచుకుందాం" అన్నా, "ఇంత పోయింది కాబట్టి వదిలించుకుందాం" అన్నా రెండూ పొరపాటే. చూడాల్సింది ఇకమీదటి ఖర్చు. ఊరకుక్క బాగా చూసుకుంటే పది పన్నెండేళ్లు బతుకుతుంది. అన్నం, రోజుకో గుడ్డు, అప్పుడప్పుడూ కోడి మాంసం పెట్టినా మీ వైపు నెలకి వెయ్యి రూపాయల్లో గడుస్తుంది. పన్నెండేళ్లకి అది 1,44,000. ఈ అంకె మీ వారి ముందు దాచకుండా పెట్టండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన సంగతి. రెండు జీతాలున్న ఇంట్లో ఎనిమిది వేలకి మూడు రూపాయల వడ్డీకి వెళ్లాల్సి వచ్చింది. అంటే ఏడాదికి నూటికి 36. ఆ రాత్రి కుక్కపిల్ల బదులు పాప జ్వరంతో పడుకుని ఉంటే? అప్పుడూ అదే గుమ్మం తొక్కేవారు. కుక్కపిల్ల వల్ల మీ ఇంటికి కష్టం రాలేదమ్మా, ఇంట్లో ఆపద్ధనం లేదన్న సంగతి బయటపడింది, అంతే. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. ఈసారి అవసరం వస్తే ముందు అటు వెళ్లండి.

చీటీ ఆపొద్దు. మధ్యలో ఆపితే నష్టపోయేది మీరే, పైగా దాని అవసరమే లేదు. మిగిలే 3,800లో వెయ్యి తిండికి, 800 టీకాలకీ నులిపురుగుల మందుకీ తీసి, 2,000 ప్రతి నెలా అప్పుకి కట్టండి. నాలుగు నెలలు అలా కడితే ఐదో నెలలో 656 రూపాయలతో అప్పు తీరిపోతుంది. మొత్తం వడ్డీ కూడా 656 మాత్రమే. అలా కాకుండా నెలనెలా వడ్డీ 240 ఇస్తూ అసలు కదపకపోతే, ఏడాదికి 2,880 పోయి ఎనిమిది వేలూ అలాగే ఉంటాయి.

అప్పు తీరాక ఆ 2,000 ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. బ్యాంకులో నెలనెలా వెయ్యి రూపాయలు కట్టే ఆర్‌డీలు (రికరింగ్ డిపాజిట్లు) రెండు తెరవండి. ఒకటి ఇంటి ఆపదలకి, రెండోది కుక్కపిల్లకి. ఆడపిల్ల కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, దానికి ఐదారు వేలు అనుకోండి. తర్వాత మిగిలేది గోమారి జ్వరం లాంటివాటికి. ఇంటి కుక్కలకి బీమా పాలసీలు ఉన్నాయి గానీ, మీ పరిస్థితికి ఆర్‌డీయే నయం.

ఖర్చు తగ్గే దారులూ ఉన్నాయి. మామూలు జబ్బులకి ముందు మీ దగ్గరి ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లండి. జులై 6న అక్కడ రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ పిల్లకి మూడు నెలలు నిండితే ఆ టీకా వేయించవచ్చు, కానీ దానికోసం జులై దాకా ఆగొద్దు. పెద్ద జబ్బయితే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. పార్వో నుంచి బయటపడింది కదా అని మిగతా టీకాలు మానకండి, డిస్టెంపర్ లాంటివి వేరే జబ్బులు.

రాజమండ్రి వాళ్ల సంగతి. వాళ్లకి ఇవ్వడం ద్రోహమేమీ కాదు. చచ్చిపోయే పిల్లని నిలబెట్టి మంచి ఇంటికి పంపడం కూడా పెంపకమే. కానీ కోలుకున్నాక కూడా కొన్ని వారాలు దాని విరేచనంలో వైరస్ వస్తుంది, కాబట్టి డాక్టరు సరే అన్నాకే పంపండి. వాళ్లింట్లో టీకాలు వేయని కుక్క ఉంటే ముందే చెప్పండి. మీ ఇంట్లోనూ ఆ వైరస్ నెలల తరబడి నిలుస్తుంది. బ్లీచింగ్ నీళ్లతో నేల కడగండి, టీకాలు పూర్తి కాని మరో పిల్లని ఈ ఏడాది తేకండి.

నన్నడిగితే, మీరు ఉంచుకోవచ్చు. మీ డబ్బు అందుకు సరిపోతుంది. కాకపోతే రెండు మాటలు తీసుకోవాలి: అద్దె ఇల్లయితే ఇంటి ఓనరుది, ఆ పన్నెండేళ్ల అంకె చూశాక మీ వారిది. ఆయన మనస్ఫూర్తిగా సరే అనకపోతే రాజమండ్రికే పంపండి, పాపకి నేనే నచ్చజెబుతానని ఆయనతో చెప్పండి.

ఈ నెల జీతం పడగానే మొదటి 2,000 కట్టి, ప్రోనోటు వెనక చెల్లు వేయించుకోండి. ఐదో నెల ఆ నోటు వెనక్కి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి.