మీరడిగారు: పొద్దున సూర్యుడు, సాయంత్రం చంద్రుడు

ప్రశ్న: మాకు పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లు. అప్పటి నుంచీ చెన్నైలోనే, పెరంబూరులో ఉంటున్నాం. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఇన్నేళ్లలో మేమిద్దరమే కలిసి సముద్రం చూసింది లేదు. చుట్టాలొస్తే వాళ్లకు చూపించడానికి వెళ్లడమే. ఈసారి ఒక రోజంతా సముద్రం పక్కన నెమ్మదిగా తిరిగి, ఇక్కడి తిండి తినాలని ఉంది. మా వారేమో మెరీనా నుంచి మహాబలిపురం దాకా తొమ్మిది చోట్లు చీటీ మీద రాసిపెట్టారు. నాకు మోకాళ్ల నొప్పులు. ఆ చీటీ చూస్తేనే టెన్షన్‌గా ఉంది. మైలాపూరులో మా ఆడపడుచు ఇల్లుంది. మీరైతే ఎలా వెళ్తారు? – ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ వారికి నా మాటగా చెప్పి ఆ తొమ్మిదిలో ఆరు కొట్టేయించండి. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా ఇరవయ్యో పెళ్లిరోజుకు ఒక ట్రావెల్స్ వాళ్ల వ్యానెక్కాం. ఒక్క రోజులో ఎనిమిది చోట్లు అన్నారు. మహాబలిపురం తీరాలయం దగ్గర ఇరవై నిమిషాలిచ్చారు. టికెట్ లైన్లోనే సగం టైమ్ పోయింది. ఇంటికొచ్చాక ఏం చూశామో ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు, దారంతా ఒకరి మీద ఒకరం విసుక్కున్నది మాత్రం గుర్తుండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా సముద్రాన్ని రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తున్నాం. మధ్యలో దాని జోలికి వెళ్లం.

ముందు క్యాలెండర్ తీసి పౌర్ణమి ఎప్పుడో చూడండి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడని అందరికీ తెలుసు. పౌర్ణమి నాడు చంద్రుడు కూడా ఆ నీళ్లలోంచే లేస్తాడు, అదీ పడమట పొద్దు గుంకే వేళకే. మర్నాటికి ముప్పావు గంటకు పైగా ఆలస్యమైపోతుంది, అందుకే పౌర్ణమి అంటున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, ఆకాశాన్ని నమ్మలేం. జనవరి నుంచి మార్చి వరకు బాగుంటుంది.

పొద్దున మెరీనా వద్దు, బెసంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కి వెళ్లండి. కారణం మీ మోకాళ్లే. మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ల దాకా సగటున 300 మీటర్ల ఇసుక. అంత ఇసుక మొదట్నుంచీ లేదు. 1870ల్లో హార్బరు గోడలు కట్టడం మొదలయ్యాక, దక్షిణం నుంచి అలలు మోసుకొచ్చే ఇసుక ఆ గోడలకు అడ్డుపడి ఇటువైపు పేరుకుంటూ వచ్చింది. హార్బరుకి ఉత్తరాన రాయపురం వైపు తీరం అదే కారణంగా కోసుకుపోయింది. ఎలియట్స్‌లో నీళ్లు దగ్గర, జనం తక్కువ. జనవరిలో ఆరున్నరకు సూర్యోదయం, కాబట్టి ఆరింటికల్లా అక్కడ ఉండండి. ఆ వేళకి పెరంబూరు నుంచి ఆటోనో క్యాబో నయం. తిరిగొచ్చేటప్పుడు లైట్‌హౌస్ స్టేషన్లో ఎమ్మార్టీఎస్ రైలెక్కి పార్క్ టౌన్‌లో దిగితే సెంట్రల్ పక్కనే, అక్కణ్నుంచి మీకు లోకల్ ట్రైన్ ఉంది.

ఎలియట్స్‌లో ఇసుక మీద తెల్లగా ఒక మండపం కనిపిస్తుంది. 1930లో ఇక్కడ మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడు కార్ల్ ష్మిట్ స్మారకం అది. మా వారూ నేనూ దాని దగ్గర కాసేపు ఊరికే నిలబడతాం. పరాయి దేశం నుంచి వచ్చి మన ఒడ్డున పోయిన మనిషి కదా.

ఎండ చురుక్కుమనగానే లేచి మైలాపూరు వచ్చేయండి. అరుండేల్ వీధిలో రాయర్ మెస్ ఉంది. ఉదయం టిఫిన్ తొందరగానే అయిపోతుంది కాబట్టి ఎనిమిదికల్లా చేరండి. చిన్న చోటు, కాస్త నిలబడాల్సి రావచ్చు. ఇడ్లీ, పొంగల్, వడ, దాంతో గట్టి చట్నీ. మనింట్లో కొబ్బరి పచ్చడిని జారుగా చేసుకుంటాం చూడండి, ఇది అలా కాదు. పచ్చిమిరపకాయ ఘాటు దిగిన కొబ్బరి ముద్ద. ఇడ్లీ ముక్క దాని మీద అద్దితే చట్నీ వేలికి అంటుకుని నిలబడుతుంది. మా వారు ఒక ఇడ్లీ మొత్తం సాంబారు జోలికి వెళ్లకుండా ఆ చట్నీతోనే తింటారు, తర్వాత గాని మాట్లాడరు. పొంగల్లో మిరియం పంటికి తగిలినప్పుడు ఒక గుక్క కాఫీ తాగి చూడండి. కాఫీ డబరాలో వస్తుంది. తొందరపడకుండా తిరగబోసుకుని తాగండి.

కడుపు నిండాక కపాలీశ్వరుని గుడి. పార్వతి నెమలి రూపంలో పొన్న చెట్టు కింద శివుణ్ని కొలిచిందని స్థలపురాణం. మయిల్ అంటే నెమలి, దాని పేరే ఊరికి వచ్చింది. పాత గుడి సముద్రపు ఒడ్డునే ఉండేదని, పోర్చుగీసు వాళ్ల కాలంలో అది పోయాక ఇక్కడ మళ్లీ కట్టారని చెబుతారు. దర్శనమయ్యాక కోనేటి గట్టున కూర్చోండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, కాబట్టి పదిన్నర లోపు అయ్యేలా చూసుకోండి. శాంథోమ్ బసిలికా కూడా దగ్గరే. ఇప్పుడున్న కట్టడం 1896 నాటిది. కింద సెయింట్ థామస్ సమాధి గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మీకు మెట్లు కష్టమనిపిస్తే పైన కూర్చోండి, చాలు.

ఒక్క చోటు మాత్రం నా కోసం చూడండి. రాయపేట హైరోడ్డులో అమరజీవి స్మారక భవనం ఉంది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూసింది ఆ స్థలంలోనే. అప్పట్లో అది బులుసు సాంబమూర్తి గారిల్లు. సముద్రానికీ తిండికీ దీనికీ సంబంధం లేదు, నిజమే. కానీ ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఊళ్లో తెలుగు మాట్లాడుతూ బతికిన మనం ఆ గుమ్మం ముందు నుంచి ఆటోలో వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది. పది నిమిషాలు చాలు.

భోజనం బయటే చేయండి, ఆడపడుచు గారిని వంట పెట్టమనకండి. మైలాపూరులో అరిటాకు భోజనం పెట్టే మెస్సులు చాలానే ఉన్నాయి. సాంబారు మనకు కొత్త కాదు గాని, వత్తకుళంబు అడిగి మరీ వడ్డించుకోండి. ఎండబెట్టిన ఉస్తికాయలు నువ్వులనూనెలో వేయించి చింతపండు పులుసులో చిక్కగా కాచిన కూర అది. ఆ చేదూ పులుపూ కలిసిన రుచికి పక్కన కాల్చిన అప్పడం ఉండాలి. తిన్నాక ఆడపడుచు ఇంటికి వెళ్లి ఇద్దరూ పడుకోండి. పన్నెండు నుంచి నాలుగు దాకా ఏమీ పెట్టుకోకపోవడం వల్లే సాయంత్రానికి మనుషుల్లా ఉంటాం.

మెరీనాకి అయిదింటికి చేరండి. అప్పటికి గాలి సముద్రం మీది నుంచి వస్తుంటుంది. పగలు నేల తొందరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇసుకలో నడవలేనివాళ్ల కోసం నీళ్లకు దగ్గరగా వెళ్లేలా 2022లో చెక్కదారి వేశారు. చక్రాల కుర్చీలు వెళ్లేటట్టు చేసింది, మీ మోకాళ్లకు అదే దారి. అక్కడ ఎవరినడిగినా చూపిస్తారు. వెళ్లేదారిలో బఠాణీ సుండల్ పొట్లాలు రెండు, మిరపకాయ బజ్జీ ఒక ప్లేటు తీసుకోండి. బజ్జీ మీ కళ్ల ముందు నూనెలోంచి తీసిందైతేనే.

కూర్చున్నాక వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. రోడ్డు అవతలి భవనాల వెనకాల సూర్యుడు దిగుతుంటాడు. మళ్లీ ముందుకు తిరగండి. చంద్రుడు వెంటనే కనపడడు. హార్బరు లోపలికి వెళ్లడానికి ఆగిన ఓడలు దూరంగా దీపాలు వెలిగించుకుని ఉంటాయి. వాటి పక్కన, నీటి అంచు మీద, ఇటుక రంగులో ఒక మరక లాంటిది మొదలవుతుంది. అదీ ఓడ దీపమేమో అనుకుంటాం. కాసేపటికి గుండ్రంగా, నాన్‌స్టిక్ పెనంలో దోసంత అయ్యాక గాని చంద్రుడని నమ్మబుద్ధి కాదు. పైకి వచ్చేకొద్దీ ఎరుపు పోయి పసుపు, ఆ తర్వాత తెలుపు. అప్పుడు నీళ్ల మీద మీ దాకా ఒక వెలుగు చార పడుతుంది. ఫోన్లో ఫొటో సరిగ్గా రాదు, ప్రయత్నించకండి. ఆ టైమ్‌లో మీ వారి చెయ్యి పట్టుకోండి.

ప్రశ్న: సంక్రాంతికి ఒంగోలు నుంచి మా మేనల్లుళ్లు వస్తున్నారు. మెరీనాలో స్నానం చేస్తామని పట్టుబడుతున్నారు. ఈతొచ్చిన పిల్లలే. దించవచ్చా? – పాఠకుడు, టీ నగర్

జవాబు: వద్దండి. మెరీనాలో స్నానానికి దిగడం నిషేధం, పోలీసులు ఆపుతారు. ఒడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్లగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చా రాదా అన్నది ఆ లాగుడుకి లెక్క లేదు. పండగ పూట ఇంట్లో ఏడుపు వద్దు. పాదాలు తడుపుకోనివ్వండి, మీరు పక్కనే నిలబడండి.

ప్రశ్న: సముద్రం పక్కన తాజా చేప తినాలని మా ఆవిడ కోరిక. ఎక్కడ, ఎప్పుడు? – పాఠకుడు, కొరట్టూరు

జవాబు: మెరీనా దక్షిణం చివర లూప్ రోడ్డులో నొచ్చికుప్పం చేపల మార్కెట్ ఉంది. పొద్దున్నే వెళ్లి వంజరమో నెత్తళ్లో కొని, అక్కడే శుభ్రం చేయించుకుని ఇంటికి తెచ్చుకోవడం నా పద్ధతి. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తుండాలి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఇసుక మీద బండ్ల దగ్గర మసాలా పూసి వరసగా పేర్చిన ముక్కలు ఎప్పుడు కోసినవో ఆ మసాలా కింద తెలియదు. తినాలనిపిస్తే రద్దీగా ఉన్న బండి చూసుకుని, అప్పటికప్పుడు వేయించమనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో చిన్న పడవల చేపే దొరుకుతుంది, ధర కూడా ఎక్కువే. పైన పౌర్ణమికి నేను చెప్పిన నెలలే మీకూ మంచివి.

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. మహాబలిపురం, దారిలో ఉన్నవన్నీ ఒక్క ఆదివారంలో చూసి రావచ్చా? – ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అన్నీ వద్దమ్మా, రెండు చూడండి. దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. దక్షిణాది పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి మళ్లీ అక్కడ నిలబెట్టారు. విశాఖ తీరప్రాంతపు చుట్టిల్లు ఉంది, లోపలికి వంగి వెళ్లాలి. తుపాను గాలికి గుండ్రటి గోడ ఎందుకు నిలుస్తుందో ఆ ఇంట్లో నిలబడితే అర్థమవుతుంది. మంగళవారం సెలవు, మీది ఆదివారం కాబట్టి ఇబ్బంది లేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక మహాబలిపురం. అర్జున తపస్సు శిల్పం ముందు కూర్చుని, ఏనుగుల దగ్గర వెతికితే వెనక కాళ్ల మీద నిలబడి తపస్సు చేస్తున్న పిల్లి కనిపిస్తుంది, దాని పాదాల దగ్గర ఎలుకలు. మా అమ్మాయి చిన్నప్పుడు దాన్ని వెతికి పట్టుకున్న రోజు ఇంకేమీ చూడనని అక్కడే కూర్చుంది, మేమూ కూర్చున్నాం. సాయంత్రం ఎండ తగ్గాక తీరాలయం. 8వ శతాబ్దం తొలినాళ్లలో పల్లవ రాజసింహుడు కట్టించిన గుడి. ఉప్పుగాలికి శిల్పాల ముక్కూ మొహం అరిగిపోయాయి. ఆ అరుగుదల కూడా చేత్తో తాకకుండా దగ్గర్నుంచి చూడండి.

ప్రశ్న: బీచ్‌లో అమ్మే సుండల్ ఇంట్లో చేస్తే ఆ రుచి రావడం లేదు. ఎందుకు? – ఒక పాఠకురాలు, సాలిగ్రామం

జవాబు: మనం గుగ్గిళ్లు చేసినట్టే చేస్తున్నారని నా అనుమానం. బీచ్ సుండల్‌ని తేంగా మాంగా పట్టాణి అంటారు, అంటే కొబ్బరి, మామిడి, బఠాణీ. తెల్ల ఎండు బఠాణీలు రాత్రంతా నానబెట్టండి. కుక్కరులో ఎక్కువ విజిల్స్ రానిస్తే పప్పయిపోతాయి, గింజ చితకకుండా లోపల మెత్తబడితే చాలు. ఉప్పు ఉడికేటప్పుడే వేయాలి. నీళ్లు పూర్తిగా వంపేయండి, ఆ వంపిన నీళ్లు చారుకి వాడుకోండి. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేగాక బఠాణీలు వేసి ఒక్కసారి కలిపి దించేయండి. కొబ్బరి తురుము, పుల్ల మామిడి ముక్కలు స్టవ్ ఆపాకే వేయాలి. వేడి మీద వేస్తే మామిడి మెత్తబడి కరకర పోతుంది, మీకు తప్పుతున్నది అక్కడే అయి ఉంటుంది. గిన్నెలో కాకుండా కాగితం పొట్లంలో వేసి పది నిమిషాలు ఉంచి తినండి, తడి కాస్త కాగితం పీల్చుకుంటుంది.